పాప్ గాయకుల అమ్మకాలు, చార్టు రికార్డులు సరిగ్గా పోల్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

విశాఖ క్విజ్ జట్ల నుంచి, కాలేజీ ఫెస్టులకు ప్రశ్నలు తయారుచేసేవాళ్ళ నుంచి మళ్ళీ మళ్ళీ వస్తున్న ప్రశ్న ఇది. బీటిల్స్ రికార్డులు ఎక్కువ అమ్ముడయ్యాయా, మైకేల్ జాక్సన్‌వా? మడోనా పైనా, మరియా కేరీ పైనా? ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో మొదలైన వాదన జగదాంబ దాకా నడిచినా తెగదు.

అభిమానం వల్లే తెగడం లేదనుకుంటాం గానీ, అసలు చిక్కు అది కాదు. ఒకరు కాపీలు లెక్కపెడుతుంటే ఇంకొకరు సర్టిఫికెట్లు, మరొకరు స్ట్రీములు లెక్కపెడుతుంటారు. ఎవరు గొప్పో ఇక్కడ తేల్చం. రెండు అంకెల్ని ఒకే కొలతకు తెచ్చే పద్ధతి మాత్రం వరుసగా చెబుతాం.

## 1. ముందు ప్రశ్నను బిగించండి

“ఎవరు ఎక్కువ హిట్?” అన్నదానికి జవాబు లేదు. మన సినిమాల లెక్కే చూడండి: జగదాంబ థియేటర్లో ఎన్ని రోజులు ఆడిందన్నది ఒక లెక్క, ఉత్తరాంధ్ర షేర్ ఎంతన్నది ఇంకో లెక్క, ప్రపంచవ్యాప్త గ్రాస్ మూడో లెక్క. ఒక సినిమా రోజుల్ని, ఇంకో సినిమా గ్రాస్‌ను పక్కపక్కన పెడితే ఎవరూ ఒప్పుకోరు. పాప్ సంగీతం దగ్గరకు వచ్చేసరికి అదే పని ధైర్యంగా చేసేస్తాం.

పని మొదలుపెట్టేముందు నాలుగు ఖాళీలు నింపండి:

□ ఏ దేశం? (అమెరికా, బ్రిటన్, జపాన్... “ప్రపంచం” అని రాసే ముందు 3వ మెట్టు చదవండి)
□ ఏ కాలం? (ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా)
□ ఏ సరుకు? (ఆల్బమా, విడిగా అమ్మే పాట అయిన సింగిలా)
□ ఏ కొలత? (అమ్మిన కాపీలా, చార్టు స్థానమా, చార్టులో గడిపిన వారాలా)

“అమెరికాలో, 2025 దాకా, హాట్ 100లో నంబర్ 1 అయిన పాటలు ఎవరికి ఎక్కువ?” అన్నది మంచి ప్రశ్న. దానికి ఒకే జవాబు ఉంటుంది. (హాట్ 100 అంటే అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వారం వారం ఇచ్చే నూరు పాటల చార్టు. ఆల్బమ్‌లకు దాని చార్టు బిల్‌బోర్డ్ 200.)

## 2. స్ప్రెడ్‌షీట్ ఇలా గీయండి

ఫోన్‌లో చేసినా సరిపోతుంది గానీ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట ల్యాప్‌టాప్ పెట్టుకుని స్థిమితంగా కూర్చుంటే పని నయంగా సాగుతుంది. ఒక్కో అంకెకు ఒక్కో అడ్డువరుస. నిలువు గళ్ళు ఇవి:

- గాయకుడు లేదా బృందం
- ఆల్బమ్ లేదా పాట
- దేశం
- అంకె
- అంకె రకం (3వ మెట్టులో ఉంది)
- ఆ అంకె ఏ తేదీ నాటిది
- స్ట్రీములు కలిశాయా: అవును / కాదు
- ఎక్కడ చూశారు

ఆరో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. తర్వాత తలనొప్పి అంతా అక్కడి నుంచే వస్తుంది.

ఇక లక్షలు, కోట్లు. ఒక మిలియన్ అంటే 10 లక్షలు, 10 మిలియన్లు 1 కోటి, ఒక బిలియన్ 100 కోట్లు. షీటు మొత్తం ఒకే పద్ధతిలో నింపండి. సగం మిలియన్లలో, సగం లక్షల్లో నింపిన షీటులో ఒక సున్నా ఎక్కడో జారిపోతుంది. పైగా అది ఫైనల్ రౌండ్‌లోనే బయటపడుతుంది.

## 3. అంకె ఏ రకమో గుర్తుపట్టండి

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడకండి. మీకు కనిపించే ప్రతి అంకె ఈ నాలుగింటిలో ఒకటి.

క. ప్రచారపు అంకె. “ప్రపంచవ్యాప్తంగా ఇన్ని కోట్ల రికార్డులు” అని కంపెనీ ప్రకటనల్లో, కచేరీ పోస్టర్లలో కనిపించేది. అన్ని దేశాల అమ్మకాలనూ మొదటి నుంచీ ఆడిట్ చేసిన సంస్థ ఏదీ లేదు. పైగా “రికార్డులు” అన్న మాటలో ఆల్బమ్‌లు, సింగిల్స్, ఒక్కోసారి డౌన్‌లోడ్లు కూడా కలిసిపోతాయి. 1982లో వచ్చిన ‘థ్రిల్లర్’ గురించి 6.5 కోట్లనీ, 10 కోట్లు దాటిందనీ రెండు మాటలూ వినిపించేది అందుకే. ఈ రకం అంకెను షీటులో రాసుకోండి, పోలికలోకి మాత్రం తీసుకోకండి.

ఖ. సర్టిఫికెట్ అంకె. అమ్మకం ఒక్కో హద్దు దాటినందుకు ఇచ్చే గోల్డ్, ప్లాటినం, డైమండ్. అమెరికాలో ఆర్‌ఐఏఏ, బ్రిటన్‌లో బీపీఐ ఇస్తాయి. రెండూ ఆయా దేశాల రికార్డు కంపెనీల సంఘాలు. అమెరికాలో దుకాణాలకు పంపిన సరుకులోంచి తిరిగొచ్చింది తీసేసి లెక్కిస్తారు. కంపెనీ అడిగి, ఫీజు కట్టి, ఆడిట్ చేయించుకుంటేనే సర్టిఫికెట్ వస్తుంది. అడగకపోతే అంకె ఏళ్ళ తరబడి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఇది “కనీసం ఇంత” అని చెప్పే అంకె, మొత్తం కాదు.

దీనికి మంచి ఉదాహరణ మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ. 1970ల చివరి దాకా అది తన లెక్కలు ఆర్‌ఐఏఏకు చూపించలేదు. అందుకే సుప్రీమ్స్, టెంప్టేషన్స్ లాంటి బృందాల 1960ల హిట్లకు అప్పట్లో గోల్డ్ రాలేదు. గోల్డ్ లేదని పాట ఆడలేదనుకుంటే పొరపాటు.

గ. కౌంటర్ అమ్మకం. దుకాణం బిల్లు కొట్టే యంత్రం నుంచి నేరుగా వచ్చే లెక్క. అమెరికాలో సౌండ్‌స్కాన్ అనే పద్ధతి 1991లో చార్టుల్లోకి వచ్చింది. అంతకు ముందు ఏ గాయకుడికీ అక్కడ ఇలాంటి అంకె లేదు.

ఖ, గ రెండూ ఒకటే అనుకుంటే ఎంత తేడా వస్తుందో షనాయా ట్వెయిన్ 1997 ఆల్బమ్ ‘కమ్ ఆన్ ఓవర్’ చూపిస్తుంది. ఆర్‌ఐఏఏ లెక్కన 20 ప్లాటినం, అంటే 2 కోట్లు. సౌండ్‌స్కాన్ లెక్కన 1.5 కోట్ల పైచిలుకు. పోస్టులో రికార్డులు పంపే క్లబ్బుల అమ్మకాలు ఆర్‌ఐఏఏ లెక్కలో ఉంటాయి, సౌండ్‌స్కాన్‌లో ఉండవు. రెండు అంకెలూ నిజమే.

ఘ. యూనిట్లు. కాపీలు, విడి పాటల డౌన్‌లోడ్లు, స్ట్రీములు కలిపి “ఆల్బమ్‌తో సమానం” అని కట్టే లెక్క. 2014 తర్వాతి అంకెల్లో ఎక్కువ ఇవే. వార్తల్లో “అమ్మకాలు” అని రాసినా, మూలంలో “యూనిట్లు” అని ఉందేమో చూడండి.

నకిలీ క్యాసెట్ ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. 1980లు, 90లలో ఫుట్‌పాత్ మీద కొన్న పాప్ క్యాసెట్లు మన ఊరి అభిమానానికి గుర్తేమో గానీ, ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

## 4. ప్లాటినాన్ని కాపీల్లోకి మార్చండి

ప్లాటినం అన్నది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారే కొలత. ఆల్బమ్‌లకు తరచూ కావలసిన హద్దులు ఇవి:

- అమెరికా: గోల్డ్ 5 లక్షలు, ప్లాటినం 10 లక్షలు, డైమండ్ 1 కోటి
- బ్రిటన్: సిల్వర్ 60 వేలు, గోల్డ్ 1 లక్ష, ప్లాటినం 3 లక్షలు
- జపాన్: గోల్డ్ 1 లక్ష, ప్లాటినం 2.5 లక్షలు, మిలియన్ 10 లక్షలు
- ఆస్ట్రేలియా: గోల్డ్ 35 వేలు, ప్లాటినం 70 వేలు
- కెనడా: 2008 దాకా ప్లాటినం 1 లక్ష, ఆ తర్వాత 80 వేలు

వివిధ దేశాల ప్లాటినాలను కూడి “మొత్తం 40 ప్లాటినంలు” అని రాయడం అర్థం లేని పని. ముందు ఒక్కో దేశాన్ని కాపీల్లోకి మార్చి, ఆ తర్వాతే కూడండి.

అమెరికాలో సింగిల్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 1988 దాకా సింగిల్‌కు గోల్డ్ రావాలంటే 10 లక్షలు అమ్మాలి. 1989 నుంచి 5 లక్షలు చాలు. 1970ల గోల్డ్ సింగిల్, 1990ల ప్లాటినం సింగిల్ ఒకే హద్దు దాటాయన్నమాట. ప్లాటినం అన్న స్థాయే 1976లో వచ్చింది, డైమండ్ 1999లో. బీటిల్స్ కలిసి ఉన్న రోజుల్లో ప్లాటినం ఇచ్చేవాళ్ళే లేరు. వాళ్ళకున్నవన్నీ తర్వాత వచ్చినవి.

డబుల్ ఆల్బమ్ మెలిక. రెండు డిస్కుల సెట్‌ను ఆర్‌ఐఏఏ తన నిబంధనల ప్రకారం రెండుగా లెక్కిస్తుంది. జనం ‘వైట్ ఆల్బమ్’ అని పిలిచే 1968 నాటి బీటిల్స్ ఆల్బమ్‌కు 24 ప్లాటినం ఉంది. అంటే 2.4 కోట్ల మంది కొన్నారని కాదు, 1.2 కోట్ల సెట్లు. పింక్ ఫ్లాయిడ్ ‘ది వాల్’ 23 ప్లాటినం, అంటే 1.15 కోట్ల సెట్లు. ఆర్‌ఐఏఏ జాబితాలో బీటిల్స్ ఆల్బమ్‌ల మొత్తం 18.3 కోట్లు అని ఉంటుంది. ఈ రెట్టింపు లెక్క అందులోనూ కలిసే ఉంది.

తేదీ మెలిక. 2021 నాటికి ఈగల్స్ మొదటి హిట్ల సంకలనానికి 38 ప్లాటినం, ‘థ్రిల్లర్’కు 34. అమెరికాలో ఈగల్స్‌దే పైచేయి అని ఇక్కడితో ముగించేయొచ్చు. కానీ తేదీల గడి నింపి చూడండి:

- ఈగల్స్: 2006లో 29, 2018లో 38
- థ్రిల్లర్: 2009లో 29, 2015 డిసెంబరులో 30, 2021లో 34

ఆల్బమ్ సర్టిఫికెట్లలోకి స్ట్రీములు వచ్చింది 2016 ఫిబ్రవరిలో. అంతకు ముందు రోజు దాకా 30–29తో ముందున్నది జాక్సన్. ఈగల్స్ అంకె పన్నెండేళ్ళు కదలకుండా ఉండి, ఒక్కసారిగా 9 ప్లాటినంలు పెరిగింది. ఆ 9లో పాత ఆడిట్ బాకీ ఎంత, స్ట్రీముల వాటా ఎంత అన్నది సర్టిఫికెట్ చెప్పదు. కాబట్టి “2021 నాటి సర్టిఫికెట్ల ప్రకారం ఈగల్స్ ముందు” అని రాయండి. “ఎక్కువ కాపీలు అమ్మినది ఈగల్స్” అని రాయకండి.

## 5. స్ట్రీములను విడదీయండి

గుర్తుంచుకోవలసిన మార్పిడి లెక్కలు కొన్నే:

- ఆర్‌ఐఏఏ, సింగిల్: 2013లో 100 స్ట్రీములు = 1 యూనిట్. 2016 నుంచి 150.
- ఆర్‌ఐఏఏ, ఆల్బమ్: 2016 నుంచి 1,500 స్ట్రీములు = 10 విడి పాటలు = 1 ఆల్బమ్.
- బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్ చార్టు: 2014 డిసెంబరులో 1,500తో మొదలైంది. 2018లో చందా కట్టిన శ్రోతల స్ట్రీములకు 1,250, ఉచిత స్ట్రీములకు 3,750 అని విడదీశారు.
- బ్రిటన్ సింగిల్స్: 2014లో 100, 2017 జనవరిలో 150. 2018 జులై నుంచి చందా స్ట్రీములు 100, ఉచితమైతే 600.

ఈ నిష్పత్తులు మారుతూనే ఉంటాయి. అందుకే మీరు చూస్తున్న వారానికి ఏ నిబంధన నడిచిందో దాన్నే వాడండి, నేటి నిబంధనను పాత వారానికి తగిలించకండి.

వీలున్నచోట “కాపీలు మాత్రమే” అన్న అంకెను విడిగా పట్టుకోండి. అడెల్ ‘25’ ఆల్బమ్ 2015 నవంబరులో అమెరికాలో మొదటి వారమే 33.8 లక్షల కాపీలు అమ్మింది. అప్పుడు ఆ ఆల్బమ్‌ను స్ట్రీమింగ్‌కు ఇవ్వలేదు. 2000 మార్చిలో ఎన్‌సింక్ బృందం నెలకొల్పిన 24 లక్షల రికార్డుతో దాన్ని నేరుగా పోల్చొచ్చు. ఈమధ్య ఆల్బమ్‌లకు చెప్పే మొదటి వారం యూనిట్లతో నేరుగా పోల్చకూడదు.

## 6. చార్టు స్థానం చూసేముందు చార్టు నిబంధన చూడండి

చార్టు అంటే ఆ వారం పరుగుపందెంలో ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారన్నదే. నంబర్ 1కి ఎన్ని కాపీలు కావాలన్నది వారం వారం మారుతుంది. ఖాళీ వారంలో తక్కువకే దక్కుతుంది, పెద్ద విడుదలలున్న వారంలో లక్షలు అమ్మినా 2వ స్థానమే. కాబట్టి స్థానాన్ని అమ్మకంగా మార్చే ప్రయత్నం చేయకండి.

అమెరికా హాట్ 100లో ఈ తేదీలు దాటేటప్పుడు జాగ్రత్త:

1958 ఆగస్టు. హాట్ 100 మొదలు. ఎల్విస్ ప్రెస్లీ పెద్ద హిట్లలో చాలా భాగం అంతకు ముందువే. హాట్ 100 మాత్రమే చూస్తే ఆయన నంబర్ 1లు 7. పాత చార్టులు కలిపితే 17 లేదా 18. ఆ ఒక్కటి ఎందుకు తేడా అంటే, ఒకే రికార్డు రెండు వైపులా ఉన్న పాటల్ని ఒకటిగా లెక్కించాలా, రెండుగానా అన్నదానిపై.

1969 నవంబరు. అప్పటిదాకా రికార్డు రెండు వైపుల పాటలూ విడివిడిగా చార్టులోకి వచ్చేవి. ఇక్కడి నుంచి కలిపి లెక్కించారు. వెంటనే లాభపడింది బీటిల్స్‌ది ఒక రెండువైపుల సింగిల్.

1991. అంతకు ముందు దుకాణాలకు ఫోన్ చేసి “ఈ వారం ఏవి బాగా పోతున్నాయి” అని అడిగి వరుస కట్టేవారు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడి ఇష్టాయిష్టాలు కూడా అందులో కలిసేవి. ర్యాప్, కంట్రీ సంగీతం అసలు కన్నా తక్కువగా కనిపించేవి. యంత్రం లెక్క వచ్చాక ఆల్బమ్‌లు చార్టులోకి వచ్చిన మొదటి వారమే నేరుగా నంబర్ 1లో దిగడం మామూలైంది. పాత పద్ధతిలో అలా మొట్టమొదట దిగిన ఆల్బమ్ 1975లో ఎల్టన్ జాన్‌ది. “నేరుగా నంబర్ 1లో దిగిన పాటలు” అన్న లెక్కలో 1991కి ముందువాళ్ళను, తర్వాతివాళ్ళను కలిపి పోల్చకండి.

1998 డిసెంబరు. దుకాణంలో సింగిల్‌గా అమ్మని పాటకు అప్పటిదాకా హాట్ 100లో చోటు లేదు. 1990లలో కంపెనీలు సింగిల్ అమ్మకుండా ఆపి, శ్రోత ఆల్బమే కొనేలా చేసేవి. నో డౌట్ బృందం పాట ‘డోంట్ స్పీక్’ రేడియో చార్టులో 16 వారాలు నంబర్ 1. హాట్ 100లో ఆ పాట పేరే కనిపించదు. 1990ల బృందాలను హాట్ 100తో మాత్రమే తూచితే అన్యాయం జరిగేది వీళ్ళకే.

2005, 2013. 2005లో డౌన్‌లోడ్లు, 2013లో యూట్యూబ్ వచ్చి కలిశాయి.

2009 డిసెంబరు, బిల్‌బోర్డ్ 200. అప్పటిదాకా పాతబడ్డ ఆల్బమ్‌లను ప్రధాన చార్టు నుంచి తీసి వేరే జాబితాలో పెట్టేవారు. 2009 జూన్‌లో జాక్సన్ చనిపోయాక ఆయన పాత ఆల్బమ్, ఆ వారం నంబర్ 1 కన్నా ఎక్కువ అమ్ముడైంది. అయినా ప్రధాన చార్టులో అది లేదు. నిబంధన మారింది ఆ తర్వాతే.

బ్రిటన్‌లో రెండు సంగతులు చాలు. 1952 నవంబరులో మొదలైనప్పుడు చార్టు నడిపింది ఒక పత్రిక. 1960లలో ఒకే వారానికి వేర్వేరు పత్రికల్లో వేర్వేరు నంబర్ 1లు ఉండేవి. బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ కొన్ని పత్రికల్లో నంబర్ 1, నేటి అధికారిక లెక్క అనుసరించే పత్రికలో 2. అందుకే అధికారికంగా వాళ్ళ సింగిల్స్ నంబర్ 1లు 18. పద్దెనిమిదోది 2023 నవంబరులో వచ్చింది.

రెండోది 2017 జులై నిబంధన. ఆ మార్చిలో ఎడ్ షీరన్ పాటలు 16 ఒకేసారి టాప్ 20లోకి వచ్చేశాయి. దాంతో ఒక ప్రధాన గాయకుడికి చార్టులో మూడు పాటలే అని పరిమితి పెట్టారు. అమెరికాలో ఆ పరిమితి లేదు. ఈ కాలపు గాయకుడి “టాప్ 10లో ఎన్ని పాటలు” అన్న లెక్కను రెండు దేశాల మధ్య పోలిస్తే అందుకే పొంతన కుదరదు.

## 7. చేసి చూపిస్తాం: మడోనా, మరియా కేరీ

ప్రశ్నలు నాలుగు, అన్నీ 2025 చివరి దాకా.

- హాట్ 100లో నంబర్ 1 పాటలు: మడోనా 12, మరియా 19
- హాట్ 100లో టాప్ 10 పాటలు: మడోనా 38, మరియా 28
- బ్రిటన్ నంబర్ 1 సింగిల్స్: మడోనా 13, మరియా 3
- బిల్‌బోర్డ్ 200లో నంబర్ 1 ఆల్బమ్‌లు: మడోనా 9, మరియా 6

మొదటి వరుస చూసినవాడు మరియా అంటాడు, మిగతా మూడు చూసినవాడు మడోనా అంటాడు. అంకెలు ఒక్కటీ తప్పు కాదు.

ఇప్పుడు ఒక్కో అంకె వెనక్కి వెళ్ళండి. మరియా 19లో 18 పాటలు 1990 నుంచి 2008 మధ్యవి. పందొమ్మిదోది క్రిస్మస్ పాట. వచ్చింది 1994లో, నంబర్ 1 అయింది 2019 డిసెంబరులో. వచ్చిన కొత్తలో దాన్ని సింగిల్‌గా అమ్మలేదు కాబట్టి హాట్ 100కి అర్హతే లేదు. ఆరో మెట్టులో చెప్పిన 1998 నిబంధన, ఐదో మెట్టులోని స్ట్రీములు రెండూ ఈ ఒక్క పాటలో కలిశాయి.

18లో ఒకటి బాయ్జ్ టు మెన్ బృందంతో కలిసి పాడింది. అది 16 వారాలు నంబర్ 1లో ఉంది. “నంబర్ 1లో గడిపిన వారాలు” లెక్కిస్తుంటే, ఉమ్మడి పాటను ఇద్దరికీ పూర్తిగా ఇస్తున్నారా, సగం సగమా అన్నది ముందే రాసిపెట్టుకోండి. బిల్‌బోర్డ్ ఇద్దరికీ పూర్తిగా ఇస్తుంది.

మడోనా హాట్ 100లో అడుగుపెట్టింది 1983లో. మొదటి ఎనిమిదేళ్ళ హిట్లన్నీ ఫోన్‌లో అడిగే కాలానివి. మరియా హిట్లలో ఎక్కువ భాగం యంత్రం లెక్కల కాలానివి. టాప్ 10ను పోల్చడానికి ఇది పెద్ద అడ్డు కాదు. చార్టులో దిగిన స్థానం, నంబర్ 1లో వారాలు పోలిస్తే మాత్రం అడ్డే.

## 8. పాయింట్లు కట్టాలనుకుంటే

అన్నీ కలిపి ఒకే అంకె కావాలని పట్టుబట్టేవాళ్ళకు ఇది. మా సలహా అయితే వద్దనే. అయినా చేస్తామంటే వరుస ఇదీ:

1. ప్రతి వారం స్థానాన్ని 101 నుంచి తీసేయండి. నంబర్ 1కి 100 పాయింట్లు, 100వ స్థానానికి 1.
2. పాట చార్టులో ఉన్న అన్ని వారాల పాయింట్లూ కూడండి.
3. అదే సంవత్సరపు పది పెద్ద హిట్లకూ అలాగే కట్టి, సగటు తీయండి.
4. మీ పాట మొత్తాన్ని ఆ సగటుతో భాగించండి. 1 దాటితే ఆ ఏటి పెద్ద హిట్ల సగటుకు పైన ఉన్నట్టు.

మూడో, నాలుగో పనులు వదిలేస్తే లెక్కంతా కొత్తవాళ్ళ వైపు ఒరిగిపోతుంది. 1964లో అమెరికాను ఊపేసిన ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ హాట్ 100లో ఉన్నది 15 వారాలే. ద వీకెండ్ ‘బ్లైండింగ్ లైట్స్’ 90 వారాలు ఉంది. అప్పుడు రికార్డు కొన్న రోజు ఒక్కసారే లెక్కకు వచ్చేది, ఇప్పుడు విన్న ప్రతిసారీ వస్తుంది. బిల్‌బోర్డ్ సంస్థ కూడా తన సర్వకాల జాబితాల్లో కాలాన్ని బట్టి తూకం మారుస్తుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

బృందాన్నీ, సభ్యుణ్నీ కలిపేయడం. మైకేల్ జాక్సన్ హాట్ 100 నంబర్ 1లు ఒంటరిగా 13, జాక్సన్ 5తో మరో 4. పాల్ మెకార్ట్నీకి బీటిల్స్ తర్వాత 9. ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి పోలిస్తే మీ జవాబు నిలవదు. మందు: బృందానికి ఒక వరుస, సభ్యుడికి వేరే వరుస.

టోకున కొన్న కాపీలు. 2013లో జే-జీ ఆల్బమ్‌ను సామ్‌సంగ్ కంపెనీ 10 లక్షల కాపీలు కొని తన ఫోన్ వాడేవాళ్ళకు ఉచితంగా ఇచ్చింది. ఆర్‌ఐఏఏ ప్లాటినం ఇచ్చింది. బిల్‌బోర్డ్ ఆ 10 లక్షల్లో ఒక్కటి కూడా లెక్కించలేదు. సర్టిఫికెట్టూ చార్టూ వేర్వేరు ఇళ్ళవని గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కారుచౌక ధర. 2011లో లేడీ గాగా ఆల్బమ్‌ను అమెజాన్ 99 సెంట్లకు అమ్మింది. మొదటి వారం 11 లక్షలు దాటింది. ఆ ఏడాదే బిల్‌బోర్డ్ కనీస ధర నిబంధన పెట్టింది. మొదటి వారం రికార్డులు పోల్చేటప్పుడు ధర గురించి ఒక గమనిక రాయండి.

చార్టు తేదీనీ, విడుదల తేదీనీ కలిపేయడం. ‘25’ విడుదలైంది 2015 నవంబరు 20న, బిల్‌బోర్డ్‌లో కనిపించేది డిసెంబరు 12 తేదీ చార్టులో. బిల్‌బోర్డ్ సంవత్సరాంత జాబితాలు కూడా క్యాలెండర్ ఏడాదిని కాక, జనవరికి ముందే మొదలై డిసెంబరుకు ముందే ముగిసే ఏడాదిని లెక్కిస్తాయి. డిసెంబరు విడుదలలు మరుసటి ఏటి ఖాతాలో పడతాయి.

శిఖరాన్నే చూడటం. పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అమెరికాలో నంబర్ 1లో ఉన్నది ఒకే ఒక్క వారం. చార్టులో మొత్తం 900 వారాలు దాటింది. మందు: ప్రతి ఆల్బమ్‌కు గరిష్ఠ స్థానం, మొత్తం వారాలు రెండూ రాయాలి.

సింగిల్‌గా రాని పాటను ఓడిపోయిందనుకోవడం. లెడ్ జెప్పెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అమెరికాలో సింగిల్‌గా అమ్మలేదు, హాట్ 100లో లేదు. ఆ గడిలో సున్నా వేయకండి, “వర్తించదు” అని రాయండి.

మళ్ళీ రికార్డు చేసిన ఆల్బమ్‌లు. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తిరిగి పాడి విడుదల చేసిన ఆల్బమ్‌లను బిల్‌బోర్డ్ 200 కొత్త ఆల్బమ్‌లుగానే చూస్తుంది. పాతవాటితో కూడకండి.

## 10. ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి

ఆర్‌ఐఏఏ, బీపీఐ వెబ్‌సైట్లలో సర్టిఫికెట్ల వెతుకులాట ఉచితం. పేరు కొట్టగానే తేదీలు కూడా వస్తాయి. బ్రిటన్ చార్టులు 1952 నుంచీ అఫీషియల్ చార్ట్స్ సైట్లో ఉన్నాయి. బిల్‌బోర్డ్ పాత సంచికలు చాలావరకు గూగుల్ బుక్స్‌లో పేజీ పేజీగా చూడొచ్చు. అనుమానం వస్తే ఎవరో రాసిన జాబితా కన్నా ఆ వారం సంచికే నయం.

కొత్త వారం కోసం విశాఖలో మేలుకోవలసిన వేళలు: బ్రిటన్ నంబర్ 1 శుక్రవారం అక్కడి సాయంత్రం ఆరులోపు తెలుస్తుంది. మనకది వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు పై వరుసలు సాధారణంగా అక్కడి ఆదివారం, హాట్ 100వి సోమవారం వస్తాయి. మన లెక్కన అర్ధరాత్రి అటూ ఇటూ. మర్నాడు పొద్దున్న చూసుకున్నా కొంప మునగదు.

## 11. జవాబు రాసే తీరు

క్విజ్ కార్డు మీదైనా, పోస్టులోనైనా ఒకే వాక్యంలో నాలుగు ఖాళీలూ కనిపించాలి.

ఇలా వద్దు: “ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన గాయని ఎవరు?”

ఇలా రాయండి: “2025 చివరి నాటికి, బిల్‌బోర్డ్ హాట్ 100లో అత్యధిక నంబర్ 1 పాటలున్న గాయని ఎవరు?”

అచ్చుకు పంపేముందు చివరి తనిఖీ:

□ దేశం పేరుందా
□ “నాటికి” అని తేదీ ఉందా
□ కాపీలా, యూనిట్లా, సర్టిఫికెట్టా అన్నది స్పష్టమేనా
□ డబుల్ ఆల్బమ్ ఉంటే సగం చేశారా
□ రెండు అంకెలూ ఒకే మూలం నుంచి వచ్చాయా
□ ఉమ్మడి పాటల నిబంధన ఇద్దరికీ ఒకటేనా
□ మిలియన్ల నుంచి లక్షలకు మార్చినప్పుడు సున్నాలు సరిపోయాయా

ఫైనల్‌లో జట్టు అభ్యంతరం చెబితే షీటులో ఆ వరుస తెరిచి, ఆఖరి గడిలోని మూలం చూపించండి. వాళ్ళ దగ్గర వేరే మూలం ఉంటే, వేరే తేదీ ఉంటే, ముందు ఆ రెండు తేదీలు పోల్చండి. చాలాసార్లు తగాదా అక్కడే తేలిపోతుంది. తేలకపోతే ఆ ప్రశ్న కొట్టేసి రిజర్వు ప్రశ్న వేయండి.